కుర్చీలు తీసేస్తే జనం ఎటు నడుస్తారు? విజయనగరం గోడౌన్ ప్రదర్శన: కేస్ స్టడీ

ప్రయోగాత్మక ప్రదర్శన అనగానే విద్యార్థుల బుర్రంతా నటుడి మీదకే పోతుంది. ఒంటికి మట్టి పూసుకోవాలా, మాట ఉండాలా వద్దా, వెనక ప్రొజెక్టర్ పెట్టాలా అని రోజుల తరబడి తర్జనభర్జన పడతారు. ప్రేక్షకుడు మాత్రం ఎప్పటిలాగే ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తాడని అనుకుంటారు. ఆ కుర్చీ తీసేస్తే తెలుస్తుంది అసలు పని ఎక్కడుందో.

ఇక్కడ వివరిస్తున్నది విజయనగరం జిల్లాలో వాడకంలో లేని ఒక గోగునార గోడౌన్‌లో జరిగిన 48 నిమిషాల నడక నాటకం. రంగస్థల కళలు చదువుతున్న చివరి సంవత్సరం విద్యార్థులు 14 మంది దీన్ని తమ ప్రాజెక్టుగా చేశారు. స్టేజీ లేదు, తెర లేదు. ప్రేక్షకులు నటులతోపాటు ఐదు మజిలీలు నడుస్తారు. ఆహ్వానితులతో ఒక ట్రయల్, ఆ తర్వాత మూడు ప్రదర్శనలు, ఒక్కోదానికి 45 మంది. ట్రయల్ దాదాపు చతికిలబడింది. మూడో ప్రదర్శన నాటికి నిలదొక్కుకుంది. మధ్యలో ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే ఇందులో విషయం.

ప్రశ్న కుదరడం

విద్యార్థులు మొదట రాసుకొచ్చిన ప్రతిపాదనలో 'శ్రమజీవుల ఆవేదనను ఆవిష్కరించడం' అని ఉంది. అది చేసి చూసి తేల్చుకోగలిగిన ప్రశ్న కాదు. ఎలా చేసినా ఆవిష్కరించినట్టే ఉంటుంది. దాన్ని చెక్కగా చెక్కగా చివరికి మిగిలింది ఇది: మిల్లు మగ్గం చప్పుడూ, రొమ్ముకు కట్టుకుని వాయించే తప్పెటగుళ్ల దరువూ ఒకే చోట, ఒకే నడకలో వినిపిస్తే, చూసేవాడు 'ఇది పని, ఇది ఆట' అని విడదీయలేని క్షణం ఒకటైనా వస్తుందా? వచ్చిందో లేదో ప్రేక్షకుల కదలికలో, చప్పట్లలో కనబడుతుంది. ప్రయోగానికి ఈ మాత్రం బిగింపు లేకపోతే రిహార్సల్‌లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే ఆధారం ఉండదు.

గోగును ఎంచుకోవడానికి కారణం చెప్పక్కర్లేదు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు జూట్ మిల్లులూ, వాటి చుట్టూ గోగు వేసిన పల్లెలూ, షిఫ్టు సైరన్‌ను బట్టి పొయ్యి వెలిగించిన ఇళ్లూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. ప్రయోగం అంటే ఎక్కడి నుంచో దిగుమతి చేసుకోవాలనే భ్రమ ఉన్నవాళ్లకు ఒక మాట. 1892లో విజయనగరంలోనే కన్యాశుల్కం ఆడినప్పుడు వాడుక మాటే రంగస్థలం ఎక్కింది. ఆ రోజులకు అదీ ప్రయోగమే. కలకత్తాలో స్టేజీ వదిలి జనం మధ్యే నాటకాలాడిన బాదల్ సర్కార్ 'మూడో రంగస్థలం' గురించి చదవండి, తప్పకుండా చదవండి. కానీ పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో అంత జనం ఎలా కదులుతారో, ఎక్కడ ఆగుతారో ఒక్కసారి మేడ మీద నుంచి చూసి నోట్సు రాసుకోండి. నడక నాటకానికి అంతకు మించిన పాఠం దొరకదు. ఈ బృందానికి తాడు ఆలోచన అక్కడే వచ్చింది. దాని సంగతి తర్వాత.

గోడౌన్ కొలతలు

పొడవు 80 అడుగులు, వెడల్పు 40. నడిమధ్య ఎత్తు 25 అడుగులు, పక్క గోడల దగ్గర 18. సిమెంటు గచ్చు, ఇటుక గోడలు, పైన పాత సిమెంటు రేకులు. ఒక చివర 12 అడుగుల షట్టర్, పక్క గోడకు 4 అడుగుల తలుపు. ఆ తలుపు ఏళ్లుగా తాళం పడి తుప్పుపట్టి ఉంది. దాన్ని తెరిపించి, బయటికి తెరుచుకునేలా బందులు మార్పించేదాకా రిహార్సల్ మొదలుపెట్టకూడదన్నది మొదటి షరతు. ఒకే దారి ఉన్న గదిలోకి 60 మందిని తీసుకెళ్లడం కళ కాదు, నిర్లక్ష్యం.

పాత సిమెంటు రేకుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. వాటికి చిల్లు వేయకూడదు, కొట్టకూడదు, కింద నిలబడి బూజు దులపకూడదు. ఇనుప దూలాలు ఎంత బరువు మోస్తాయో ఇంజినీరు చెప్పందే వాటికీ ఏదీ వేలాడదీయకూడదు. అందుకే లైట్లు, గోనె తెరలు అన్నీ నేల మీద నిలబడే సరుగుడు బాదుల పందిరికే కట్టారు. పందిరి వేసే పనివాళ్లను పెట్టుకోవడమే మేలు. విద్యార్థులు కట్టిన ముడి రెండో రోజుకు వదులవుతుంది. సరుగుడు ఆరేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ప్రతి ప్రదర్శనకు ముందు ముడులన్నీ మళ్లీ బిగించాలి.

ప్రేక్షకుల సంఖ్య 45 దగ్గర ఎందుకు ఆగిందంటే, నిలబడి నడిచే మనిషికి ఒకరినొకరు తోసుకోకుండా ఉండాలంటే కనీసం 16 చదరపు అడుగులు కావాలి. ఏ మజిలీ దగ్గరైనా ఖాళీగా దొరికే చోటు 800 చదరపు అడుగులు, అంటే 50 మంది. జనంలో కలిసి నడిచే నటులు ఐదుగురు. మిగిలింది 45. పెద్దలెవరో వచ్చారని ఇంకో పదిమందిని లోపలికి తోస్తే మజిలీ మొత్తం దెబ్బతింటుంది. రెండో రోజు గేటు దగ్గర ఈ గొడవ జరిగింది, జరుగుతుంది కూడా. గేటు దగ్గర మొహమాటం లేని మనిషిని పెట్టాలి. ఆ మనిషి నటుల్లోంచి కాకూడదు.

మోత తగ్గించడం

గచ్చు, ఇటుక, రేకు మూడూ శబ్దాన్ని మింగవు. ఖాళీ గోడౌన్‌లో బెలూన్ పగలగొట్టి ఫోన్‌లో రికార్డు చేస్తే మోత ఆరడానికి 3.2 సెకన్లు పట్టింది. రెండు సెకన్లు దాటితే మాట మాట మీద పడి అర్థం కాదు. తప్పెటగుళ్లయితే దరువంతా కలగాపులగమై, వాన పడుతున్న రేకుల షెడ్డులా ఒకటే హోరు.

లెక్క ఇలా వేశారు. గది ఘనపరిమాణం సుమారు 1,950 ఘనపు మీటర్లు. సబీన్ సూత్రం ప్రకారం దాన్ని 0.161తో గుణించి మోత సెకన్లతో భాగిస్తే గదిలో ఉన్న శోషణ, అంటే శబ్దాన్ని పీల్చే శక్తి, వస్తుంది: 98 చదరపు మీటర్లు. మోత 1.8 సెకన్లకు దిగాలంటే 174 కావాలి. లోటు 76. జనం ఒంటి మీద బట్టలు 20 దాకా భర్తీ చేస్తాయి. మిగతాది గోనె తెరలతో తేవాలి. 94 × 57 సెంటీమీటర్ల సంచిని కుట్లు విప్పి పరిస్తే చదరపు మీటరు పైచిలుకు వస్తుంది. 140 సంచులు విప్పి, కుట్టి, గోడకు ఎనిమిది అంగుళాల ఎడంగా వేలాడదీశారు. ఆ ఎడం ముఖ్యం. గోడకు అంటించి కొడితే గోనె సగం పని కూడా చేయదు. బిగించి కట్టకుండా కాస్త ముడతలు పడేలా వదలాలి. గోనె కీచు శబ్దాలను బాగా పీలుస్తుంది, బరువైన 'ధబ్' మోతను పెద్దగా ఆపలేదు. కాబట్టి సైరన్ శబ్దాన్ని స్పీకర్‌లో వేసేటప్పుడు కింది స్థాయి (బేస్) తగ్గించాల్సి వచ్చింది.

గోనె, నార, నిప్పు

మంటను ఆపే మందు పట్టించకుండా గోడౌన్‌లో ఒక్క సంచి కూడా కట్టకూడదు. ఎండిన గోగునార అగ్గిపుల్ల తగిలితే చాలు, క్షణాల్లో పైకి పాకుతుంది. పది లీటర్ల వేడినీళ్లకు 700 గ్రాముల బోరాక్స్, 300 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, పూర్తిగా కరిగాక సంచుల్ని ముంచి, చేతికి గ్లవ్స్ వేసుకుని తేలిగ్గా పిండి, ఎండలో ఆరేయాలి. ఒక్కో సంచి దాదాపు లీటరు తాగుతుంది. 140 సంచులకు పది కిలోల బోరాక్స్, నాలుగున్నర కిలోల బోరిక్ యాసిడ్ ఖర్చయ్యాయి. నీళ్లు చల్లారితే పొడి అడుగున దిగొచ్చు, అప్పుడు ముంచిన సంచికి రక్షణ తగ్గుతుంది. అది చూడ్డానికి తేడా తెలియదు. అందుకే ప్రతి బకెట్‌ నుంచి ఒక సంచి అంచు కత్తిరించి పరీక్షించాలి. ముక్కను నిలువుగా పట్టుకుని కింది అంచుకు లైటర్ మంట 12 సెకన్లు పెట్టి తీస్తే, రెండు సెకన్లలో తనంతట తానే ఆరిపోవాలి. ఆరకపోతే మళ్లీ ముంచాలి. పరీక్ష ఆరుబయటే, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని.

మరో సంగతి: సంచికి పట్టిన ఈ మందు నీళ్లు తగిలితే కడుక్కుపోతుంది. చెరువు మజిలీ దగ్గర తడిసిన తెరలను ప్రతి ప్రదర్శన తర్వాత విప్పి మళ్లీ ముంచారు. మందు పెట్టినంత మాత్రాన దీపం, హారతి, అగరొత్తి లోపల వెలిగించవచ్చని కాదు. ప్రదర్శనకు ముందు పూజ చేయాలనుకుంటే షట్టర్ బయట చేసుకోవాలి. ఈ ఒక్క నియమం మీద బృందంలో పెద్ద వాదనే నడిచింది.

లైట్లు ఎల్‌ఈడీ పార్‌లు (స్టేజీకి వాడే గుండ్రటి లైట్లు) ఎనిమిది, ఒక్కోటి 160 వాట్లు. ఆంప్లిఫైయర్‌తో కలిపి మొత్తం ఎనిమిది ఆంపియర్ల లోపే. అద్దె తక్కువని వెయ్యి వాట్ల హాలోజెన్‌లు తెచ్చి ఉంటే 35 ఆంపియర్లు లాగేవి, పైగా గోనె పక్కన ఆ వేడి. నేల మీద నీళ్లు ఉన్నాయి కాబట్టి కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా లైను ఇవ్వవద్దని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పాలి. కరెంటు పోతే ఏం చేయాలో కూడా రిహార్సల్ చేశారు: దరువు ఆగుతుంది, నటులు నలుగురు చేతిలోని టార్చ్‌ను నేల మీదకు వేస్తారు, పక్క తలుపు తెరుచుకుంటుంది, జనరేటర్ అందుకునేదాకా ఎవరూ కదలరు. రెండో ప్రదర్శనలో అదే జరిగింది. చూసినవాళ్లలో చాలామంది దాన్ని నాటకంలో భాగమే అనుకున్నారు.

ట్రయల్ ఎందుకు చతికిలబడింది

ఐదు మజిలీలు ఇవి: గోగు ఊరే చెరువు, నార ఒలిచే గట్టు, కాటా, మగ్గం, గేటు. కాగితం మీద బాణం గుర్తులతో చక్కగా ఉంది. ట్రయల్ సాయంత్రం నాలుగున్నరకు పెట్టారు. షట్టర్ ఎత్తగానే 45 మందీ లోపలికి వచ్చి, మొదటి పదడుగుల్లోనే గుంపుగా ఆగిపోయారు. నటులు లోపల చెరువు దగ్గర మాట్లాడుతున్నారు. జనం కదలరు.

కారణం భయం కాదు, కళ్లు. ఎండలోంచి చీకట్లోకి వచ్చిన కంటికి కనీస చూపు కుదురుకోవడానికే ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది, పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా. కాళ్ల కింద ఏముందో కనబడకపోతే ఎవరూ అడుగు వేయరు. రెండు మార్పులు చేశారు. ప్రదర్శన వేళను సాయంత్రం ఆరుంబావుకు జరిపారు. షట్టర్ లోపల నల్లగుడ్డతో ఒక గది కట్టి, తొమ్మిది వాట్ల బల్బు ఒక్కటే పెట్టి, జనాన్ని ఐదు నిమిషాలు అందులో ఉంచారు. ఖాళీగా నిలబెడితే ఫోన్లు తీస్తారు, తీస్తే కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. అందుకని ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు ముడి నార పెట్టి, చిక్కు తీయమన్నారు. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి ఫోన్ తీయడు.

రెండో ఇబ్బంది చూపుది. ముందు వరుస ఆగిపోతే వెనకవాళ్లకు వీపులే కనిపిస్తాయి. మూడు వరుసలు దాటి ఎక్కడా జనం నిలవకూడదని, నటులు మూడడుగుల సంచుల దొంతి మీదే మాట్లాడాలని తేల్చారు. దొంతిలో ఇసుక సంచులు అడుగున, గోనె మూటలు పైన. అన్నీ మెత్తటి మూటలైతే మనిషి ఎక్కగానే ఒరుగుతాయి.

మూడోది అన్నింటికంటే మొండిది. రెండో మజిలీ అయ్యాక జనం మూడోదానికి వెళ్లలేదు. అయిపోయిందేమో అనుకున్నారు కొందరు, పిలిస్తే వెళ్దాం అనుకున్నారు కొందరు. నటులు చేతులతో రమ్మని సైగ చేశారు, అది పెళ్లిలో భోజనాలకు పిలిచినట్టుంది. పందిరి మీద పెట్టిన ఫోన్ కెమెరాలో అర నిమిషానికో బొమ్మ ఆపి, ప్లాన్ కాగితం మీద ప్రతి మనిషికీ ఒక చుక్క పెడుతూ వెళ్లారు. మూడో మజిలీ మొదలయ్యేసరికి అక్కడుండాల్సిన 45 మందిలో 19 మందే ఉన్నారు. ఈ చుక్కల కాగితాలు లేకపోతే 'జనానికి అర్థం కాలేదు' అని సర్దుకునేవాళ్లు.

తాడు

సిరిమానుకు ముందు బెస్తవారి వల నడుస్తుంది. దాన్ని చూసిన అలవాటుతో జనం పక్కకు జరిగి దారి ఇస్తారు, ఎవరూ ఎవరినీ తోయరు. గోడౌన్‌లో వల బదులు గోగుతాడు వచ్చింది. బొటనవేలంత లావు, 110 అడుగుల పొడవు. 45 మందికి కావాల్సిన 720 చదరపు అడుగుల చుట్టూ తాడు వేస్తే 95 అడుగులు సరిపోతుంది, 15 అడుగులు వదులు. ఆరుగురు పట్టుకుంటారు: జనంలో కలిసి నడిచే ఐదుగురు, పక్క తలుపు వైపు ఒకరు.

మొదట ముందు వైపు లాగి చూశారు. ముందువాళ్లు ఆగిపోయి వెనకవాళ్లు వాళ్ల మీద పడ్డారు. తిరగేసి, ముందు తాడును నేల దాకా జారవిడిచి, ఎదర ఖాళీ కనబడేలా చేసి, ఆ తర్వాత వెనక తాడును నెమ్మదిగా దగ్గరకు తెచ్చారు. మనిషి వెనక నుంచి తోస్తే మొండికేస్తాడు, ఎదర చోటు కనబడితే తనే నడుస్తాడు. దీనికి నాలుగు నియమాలు పెట్టుకున్నారు. తాడు ఎప్పుడూ నడుము ఎత్తులోనే. చేతికి చుట్టుకోకూడదు, వేళ్ల మీద ఆనించుకోవాలి. దేనికీ ముడి వేయకూడదు. ఎవరైనా 'తాడు!' అని అరిస్తే ఆరుగురూ అక్కడికక్కడే వదిలేయాలి. పిల్లలూ, చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లూ, ఎక్కువసేపు నిలబడలేని పెద్దవాళ్లూ తాడు లోపల కాకుండా పక్క తలుపు వైపు వేరే దారిలో నడుస్తారు, అక్కడక్కడా నాలుగు ముక్కాలిపీటలు. తాడుకు కథలోనూ పని దొరికింది. చెరువు దగ్గర చుట్ట విప్పేదీ అదే, గేటు దగ్గర మళ్లీ చుట్టేదీ అదే. మూడో ప్రదర్శనలో మూడో మజిలీ దగ్గర చుక్కలు 38.

కాటా: మనిషిని తూచడం, మానడం

మొదటి ఆలోచన ప్రేక్షకుణ్ణే కాటా ఎక్కించి, బరువు గట్టిగా చదివి, అందులోంచి తరుగు తీసి చెప్పడం. వినడానికి పదునుగా ఉంది. ట్రయల్‌లో మొదటి ఇద్దరు మగవాళ్లు నవ్వుతూ ఎక్కారు. తర్వాత పిలిచిన ఒక నడివయసు ఆవిడ ఎక్కనని తల అడ్డంగా ఊపి, ఆ తర్వాత మిగతా నాటకమంతా గోడ పక్కనే నిలబడింది. పదిమందిలో ఒంటి బరువు చదవడం ఏ ఆడమనిషికీ బాగోదు, చాలామంది మగవాళ్లకూ బాగోదు. ప్రేక్షకుడిని ఇబ్బంది పెట్టడమే ప్రయోగం అనుకునే ధోరణి ఒకటి విద్యార్థుల్లో ఉంటుంది. ఇబ్బంది ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి. ఇక్కడ అది తూకం వేసే గుమస్తా దౌర్జన్యం మీద పడాలి, ఆవిడ ఒంటి మీద కాదు.

మార్చింది ఇలా. చీకటి గదిలో చిక్కు తీసిన నారనే జనం కాటా దగ్గరకు తెస్తారు. వాటితో పాటు ఐదు కిలోల కట్టలు పది, ఇష్టమున్నవాళ్లు మోస్తారు. గుమస్తా కట్టను తూచి 'తడి ఉంది, కిలో తరుగు' అంటాడు. మోసిన మనిషికి అది అయిదు కిలోలని తెలుసు, చేతికి బరువు తెలుసు. ఆ ఒక్క మాటకు జనంలోంచి ప్రతిసారీ ఎవరో ఒకరు ఎదురు మాట్లాడారు. దానికి జవాబు గుమస్తా పాత్ర వేసిన విద్యార్థి ముందే సిద్ధం చేసుకున్నది కాదు. పక్కనున్న చీటీ మీద అంకె వేసి, 'తర్వాత' అనడమే. రిహార్సల్‌లో ఇంకా పొడుగ్గా వాదించేవాడు. వాదిస్తే ప్రేక్షకుడు గెలవాలని చూస్తాడు. చీటీ రాసేస్తే ఏం చేయాలో తోచదు.

మాట

వచనమంతా గోగు రైతులు, మిల్లులో పనిచేసినవాళ్లు చెప్పిన మాటల రికార్డింగుల నుంచి తీసుకున్నదే. మాట్లాడినవాళ్ల పేర్లు, ఊళ్లు, మిల్లుల పేర్లు తీసేశారు. చివరి కూర్పును వాళ్లకు వినిపించి ఒప్పుకున్నాకే వాడారు. 'ఏటి సెప్పమంతారు బావూ, కాటా మీద ఆడు సెప్పిందే లెక్క' లాంటి వాక్యం కాగితం మీద బాగుంటుంది. మన ప్రాంతం కాని విద్యార్థి నోట్లోంచి వస్తే సినిమాలో కామెడీ ట్రాక్ అయిపోతుంది. ప్రేక్షకులు మొదటి రోజు నవ్వారు కూడా.

పరిష్కారం: నటుడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అసలు గొంతును వింటూ, అర సెకను వెనకగా అదే మాట పలకడం. అప్పుడు 'చ'ను 'స' చేయడం మీద దృష్టి పోదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నారు, 'బావూ' దగ్గర గొంతు పైకి లేచిందా కిందికి దిగిందా అన్నదే ముఖ్యమవుతుంది. పై వాక్యంలో అసలు మనిషి 'బావూ' తర్వాత చాలాసేపు ఆగాడు, 'లెక్క' అన్నది దాదాపు వినబడనంత చిన్నగా అన్నాడు. నటుడు ఆ రెండూ పట్టుకున్నాక నవ్వు ఆగింది. ఇందులో ఒక చిక్కు ఉంది: ఇయర్‌ఫోన్ బ్లూటూత్‌దైతే ఆలస్యం తోడై తడబడతారు. తీగ ఉన్నదే వాడాలి.

గుళ్లు, మగ్గం

తప్పెటగుళ్లు ఉత్తరాంధ్ర యాదవుల కళ. గంగమ్మ కొలుపుతో ముడిపడి ఉంది. నేర్పిన గురువుతో ముందే మాట్లాడుకున్నది: గంగమ్మ పాటలు వాడరు, అడుగూ దరువూ మాత్రమే తీసుకుంటారు, పోస్టర్ మీద గురువు పేరు దర్శకుల పేరు పక్కనే ఉంటుంది, పారితోషికం రిహార్సల్ మొదటి రోజే. జానపద కళాకారుణ్ణి 'వర్క్‌షాప్' పేరుతో పిలిచి శాలువా కప్పి పంపేయడం మన దగ్గర బాగా అలవాటైన మర్యాద. ఇక్కడ బడ్జెట్‌లో అన్నింటికంటే పెద్ద పద్దు ఇదే.

రొమ్ముకు కట్టిన గుళ్లను అరచేతులతో కొట్టడం అలవాటు లేని ఒంటికి మొదటి వారంలోనే కమిలిపోతుంది. లోపల మడతపెట్టిన తువ్వాలు కట్టుకుని, 20 నిమిషాలకోసారి విప్పాలి. నలుగురు గుళ్లను రొమ్ము మీదే వాయించారు, మరో నలుగురు తమ గుళ్లను గోనె మూటకు కట్టి వాయించారు. మూట మీద గంట లాంటి మోగుడు చచ్చిపోయి, బరువు మూట కింద పడిన చప్పుడు ఒక్కటే మిగులుతుంది. ప్రశ్నకు జవాబు దొరికింది ఇక్కడే: ఒకే దరువు, సగం ఆటగా, సగం పనిగా.

రికార్డు చేసిన మగ్గం నిమిషానికి 132 దెబ్బలు వచ్చింది. దానికి జోడించి వాయిస్తే ఒకటిన్నర నిమిషంలోనే దరువు ఒక దెబ్బ ముందుకు పోయింది. గుళ్లవాళ్లు ఊపు మీదకొస్తే వేగం పెంచుతారు, అది ఆ కళ స్వభావం. రికార్డింగుకు ఊపు ఉండదు. మనుషుల్ని యంత్రానికి కట్టేసే బదులు ఒక విద్యార్థి లాప్‌టాప్ మీద పెద్ద గుళ్లవాడి చేతులు చూస్తూ మగ్గం చప్పుడును దెబ్బ దెబ్బకూ నొక్కేలా మార్చారు. స్పీకర్ గోడౌన్ అవతలి చివర ఉంటే 80 అడుగులకు శబ్దం 70 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, దరువు మళ్లీ చెదురుతుంది. వాయించేవాళ్ల పక్కనే పెట్టాలి.

మొదటి ప్రదర్శనలో ఈ ఘట్టానికి జోరుగా చప్పట్లు పడ్డాయి. విద్యార్థులు పొంగిపోయారు. కానీ చప్పట్లు పడ్డాయంటే జనం దాన్ని 'ఐటెం'గా తీసుకున్నారన్నమాట, పని కనబడలేదు. చప్పట్లను పిలిచేది ముక్తాయింపు. మూడుసార్లు తిప్పి దించే ఆ ముగింపు వినగానే మన చేతులు వాటంతటవే కలుస్తాయి. ముక్తాయింపు తీసేసి, దరువు నడుస్తుండగా మధ్య దెబ్బ మీద సైరన్‌తో తెంచేశారు. గుళ్లవాళ్లు అదే ఊపిరితో మూటలు భుజానికెత్తుకుని నడిచారు. మూడో ప్రదర్శనలో ఒక్క చప్పట్టు లేదు. పదిమంది దాకా చెప్పకుండానే వెళ్లి కింద మిగిలిన మూటలు ఎత్తారు. స్క్రిప్టులో అది లేదు.

కాలం, వాసన, ధూళి

గోగు కోసేది, ఊరబెట్టేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. రెండు మూడు వారాలు ఊరిన కట్ట వాసన గదిలో పెడితే ఎవరూ ఐదు నిమిషాలు నిలవలేరు. మూత ఉన్న డ్రమ్ములో ఉంచి, చెరువు మజిలీలో నాలుగు నిమిషాలు తెరిచి మూసేశారు. నేల మీద టార్పాలిన్, దాని మీద ఇసుక. తడి గచ్చు మీద చెప్పుల్లేని కాలు జారుతుంది. ఊడ్చేముందు నీళ్లు చిలకరించకపోతే నార ధూళి గొంతులో దిగి, మూడో రోజుకు సగంమంది నటుల గొంతు పోతుంది. రిహార్సల్ అంతా మాస్కులతోనే.

తేదీల విషయం: దసరా నుంచి సిరిమాను దాకా పందిరివాళ్లు, లైట్లు, జనరేటర్లు ఏవీ దొరకవు. దొరికినా రెట్టింపు అద్దె. కార్తీకంలో పెళ్లిళ్లు మొదలయ్యేలోపు రెండు వారాలే సందు. రాత్రి పదింటి తర్వాత మైకు వాడకూడదు. రోజుకు ఒకే ప్రదర్శన. యజమాని రాతపూర్వక అనుమతి, పోలీసు స్టేషన్‌కు, అగ్నిమాపక కేంద్రానికి సమాచార పత్రం ముందే ఉండాలి.

మొత్తం ఖర్చు 58,500 రూపాయలు. అందులో గురువుకూ ఇద్దరు కళాకారులకూ 18,000, లైట్లకు 9,000, తిండికీ ప్రయాణాలకూ 8,000, పందిరికి 7,500, జనరేటర్‌కు 6,000, సంచులకు 3,500. మిగతాది బోరాక్స్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, కరపత్రాలు.

మార్కులు వేసేవాళ్లకు

ప్రదర్శన చూసి మార్కులు వేస్తే మూడో రోజు చూసినవారు ఎక్కువ, మొదటి రోజు చూసినవారు తక్కువ వేస్తారు. ప్రశ్న ఎలా చిక్కబడింది, చుక్కల కాగితాలు, ఏది ఎందుకు తీసేశారో రాసిన లాగ్‌బుక్, ప్రమాదాల పట్టిక, వీటికే సగం మార్కులు పెట్టాలి. ప్రేక్షకులను 'ఎలా ఉంది' అని అడగవద్దు, 'బాగుంది' అంటారు. ఎక్కడ నిలబడ్డారు, ఎప్పుడు చూపు తిప్పుకున్నారు, చేతులతో ఏం చేశారు అని అడిగితే పనికొచ్చే జవాబులు వస్తాయి.

విప్పడం

గేటు మజిలీ ఇంకా కుదరలేదు. షట్టర్ ఎత్తి రోడ్డు చూపించాక నటులు బయటికి వెళ్లిపోతారు, తిరిగిరారు. జనం మూడు నాలుగు నిమిషాలు అక్కడే నిలబడి, ఎవరో కదిలితే కదులుతున్నారు. తాడు చుట్ట చుట్టేవాళ్లే కొద్దికొద్దిగా దారి చూపాలా, లేక ఆ నిలబడటాన్ని అలాగే వదిలేయాలా అన్నది రెండో రూపంలో చూడాల్సిన సంగతి.

సామాను విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. బోరాక్స్ పట్టించిన సంచులను రైసు మిల్లుకు తిరిగి ఇవ్వకూడదు, వాటిలో తిండిగింజలు పోయకూడదు. అందుకే సంచులు అద్దెకు కాకుండా కొన్నారు. ఒక్కోదాని మీద రెండు వైపులా ఎర్ర రంగుతో అడ్డగీతలు వేసి, మరో ప్రదర్శనకు కట్ట కట్టి పొడిచోట పెట్టారు. మిగిలిన ద్రావణం పొలంలో గాని చెరువులో గాని పోయవద్దు. ద్రావణంలోని బోరాన్ ఎక్కువైతే పైరు మాడుతుంది. నీళ్లు ఎండబెట్టి, అడుగున మిగిలిన పొడిని డబ్బాలో పోసి, పేరు రాసి దాచుకుంటే వచ్చే ఏడాది బ్యాచ్‌కు పనికొస్తుంది. వాడే ముందు తూకం వేసి, లైటర్ పరీక్ష మళ్లీ చేయాలి.